చదువు ముగిస్తే ఉత్తరాల పెట్టెకు తాళం! ముందే ఇంటికి తెచ్చుకుంటే మేలు

పట్టా చేతికి వచ్చే ముందు హాస్టలు గది తాళంచెవి వార్డెనుకు అప్పగించాలని కుర్రకారుకు తెలుసు. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చి, బాకీ లేదన్న కాగితం మీద సంతకాలు చేయించుకోవాలనీ తెలుసు. కాని యూనివర్సిటీ ఇచ్చిన ఉత్తరాల పెట్టెను కూడా అప్పగించి రావలసిందేనన్న సంగతి, అందులోని ఉత్తరాలు దానితోపాటే పోతాయన్న సంగతి చాలామందికి పోయిన తర్వాత గాని తెలియడం లేదు.

ఇక్కడ ఉత్తరాల పెట్టె అంటే వేపచెట్టుకు వేలాడే ఎర్ర డబ్బా కాదు. ఈమెయిలు.

ఒకప్పుడు ఇంజనీరింగు చదివినవాడు ఊరికి ఒక్కడుంటే గొప్ప. ఇప్పుడు బీటెక్కో, వ్యవసాయ డిగ్రీయో, ఫార్మసీయో చదివే పిల్లలు లేని వీధి అరుదు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరుతో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు తెరిచిన తర్వాత, పదో తరగతి గట్టెక్కిన పల్లెటూరి పిల్లలు నేరుగా యూనివర్సిటీ గడప తొక్కుతున్నారు. ఇంట్లో అదివరకు ఎవరికీ ఈమెయిలు అన్నదే ఉండదు. అది ఎవరి సొత్తు, ఎన్నాళ్లు ఉంటుంది అని అడగాలన్న ఆలోచన పిల్లలకూ రాదు, పెద్దలకూ రాదు.

యూనివర్సిటీలో చేరిన కొద్ది రోజులకే విద్యార్థికి ఒక చిరునామా ఇస్తారు. చాలాచోట్ల ముందు రోల్ నంబరు ఉంటుంది. తర్వాత సున్నాలో ఇరికించిన ఇంగ్లీషు ఏ అక్షరం లాంటి గుర్తు, ఆపైన యూనివర్సిటీ పొట్టిపేరు, చివర 'ఏసీ డాట్ ఇన్' అన్న తోక. ఈ తోక వ్యాపారస్థులు అడిగినా ఇవ్వరు. విద్యాసంస్థలకే ఇస్తారు. ఇచ్చేది కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కింద పనిచేసే ఎర్నెట్ ఇండియా. అందుకే ఆ చిరునామా నుంచి వచ్చిన ఉత్తరానికి కంపెనీల్లో, బయటి కళాశాలల్లో కొంత మర్యాద దక్కుతుంది. 'ఈ పిల్లవాడు ఫలానా చోట చదువుతున్నాడు' అని ఆ తోకే సాక్ష్యం చెబుతుంది. చదువు ముగిశాక కూడా ఆ సాక్ష్యం చెప్పనివ్వడం యూనివర్సిటీకి ఇష్టం ఉండదు. అందులో తప్పు పట్టవలసింది కూడా లేదు.

తప్పంతా ఆ పెట్టెలో ఏమున్నదో చూసుకోకుండా వదిలి రావడంలోనే ఉంది.

మిర్చి, పత్తి పండించే పల్నాడు పల్లెల్లో ఒకదానికి చెందిన కౌలు రైతు కుమారుడు ఒకరు 2023లో బీటెక్ ముగించారు. తన పేరు, ఊరి పేరు పత్రికలో రావద్దని ఆయన కోరారు. మూడో సంవత్సరంలో ఉండగా ఒక చిన్న కంపెనీలో రెండు నెలలు శిక్షణ పొందారు. ఆ మేరకు కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్టు యూనివర్సిటీ మెయిలుకే వచ్చింది. కాగితం మీద అచ్చు తీసుకోలేదు. 'మెయిల్లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది' అనుకున్నారు. ఏడాది తర్వాత మరో కంపెనీవారు ఉద్యోగం ఇస్తామని, శిక్షణ సర్టిఫికెట్టు వచ్చిన అసలు మెయిలును తమకు పంపమని అడిగారు. ఆయన తెరిచేసరికి అలాంటి అకౌంటు లేదని సమాధానం వచ్చింది.

యూనివర్సిటీ కార్యాలయానికి ఫోను చేస్తే, చదువు పూర్తయిన 6 నెలలకు తీసివేస్తామని ముందే నోటీసు పంపామన్నారు. నోటీసు ఎక్కడికి పంపారండీ అని అడిగితే, ఆ పెట్టెలోకే పంపారట. ఊరికి వచ్చిన తర్వాత ఆయన దాన్ని తెరిచింది లేదు. శిక్షణ ఇచ్చిన చిన్న కంపెనీ ఈలోగా దుకాణం కట్టేసింది. ఎవరిని అడగాలో తెలియలేదు. ఆ ఉద్యోగం చేజారిపోయింది. ఇప్పుడు ఆయన గుంటూరులో తక్కువ జీతానికి వేరే పనిలో ఉన్నారు. "నాలుగేళ్ల ఉత్తరాలండీ. ప్రాజెక్టు గైడు సార్ రాసినవి, పోటీల్లో గెలిచినప్పుడు వచ్చినవి, అన్నీ పోయాయి" అన్నారు.

పాత సరుకు ఖాళీ

యూనివర్సిటీలు ఇంత పట్టుదలగా పాత పెట్టెలు మూసివేయడానికి కారణం పగ కాదు, చోటు. మన యూనివర్సిటీల్లో చాలావాటి మెయిలును వెనకనుండి నడిపేది అయితే గూగుల్, లేకపోతే మైక్రోసాఫ్ట్. మొదట్లో గూగుల్ వారు విద్యాసంస్థలకు హద్దూ అదుపూ లేనంత చోటు ఉచితంగా ఇచ్చారు. 2021లో ఆ పద్ధతి మారుస్తున్నట్లు ప్రకటించారు. 2022 జూలై నుంచి ఒక్కొక్క సంస్థకు ఉచితంగా దక్కేది మొత్తం 100 టెరాబైట్లు మాత్రమే. మైక్రోసాఫ్ట్ కూడా 2024 నుంచి అదే దారి పట్టింది.

100 టెరాబైట్లు అంటే సుమారు లక్ష గిగాబైట్లు. వినడానికి చాలా పెద్ద అంకె. కాని చదువుతున్నవారు, చదువు ముగించినవారు కలిపి 20 వేల మంది ఉన్న యూనివర్సిటీలో తలకు 5 గిగాబైట్లే వస్తుంది. ప్రాజెక్టు ఫొటోలు, వీడియోలు, సినిమాలు కూడా అందులోనే దాచే కుర్రవాళ్లకు అది ఏ మూలకు? కోల్డ్ స్టోరేజీలో నిరుటి బస్తాలు ఖాళీ చేస్తేనే ఈ ఏటి మిర్చికి చోటు దొరుకుతుందన్న సంగతి ఈ ప్రాంత రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. యూనివర్సిటీవారు చేస్తున్నదీ అదే. తేడా ఏమిటంటే, కోల్డ్ స్టోరేజీవాడు బస్తా రైతుకు అప్పగిస్తాడు. ఇక్కడ బస్తా మనమే వెళ్లి తెచ్చుకోవాలి.

'నా ఫోనులో అన్నీ కనబడుతున్నాయి కదా' అని చాలామంది ధీమా. అది వట్టి ధీమా. ఫోనులోని జీమెయిలు మామూలుగా ఇటీవలి 30 రోజుల ఉత్తరాలనే తన దగ్గర ఉంచుకుంటుంది. అంతకు ముందువి వేలు పెట్టినప్పుడల్లా అక్కడినుంచి తెచ్చి చూపిస్తుంది. అకౌంటు మూసిన మరుక్షణం చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు.

దీనికి మందు పాతదే. కంప్యూటరులో మెయిలు ప్రోగ్రాము పెట్టుకోవడం. ఫోన్లు రాకముందు ఆఫీసుల్లో అందరూ వాడింది ఇదే. ఇప్పటికీ ఉచితంగా దొరికే వాటిలో మంచి పేరున్నది థండర్‌బర్డ్. మొజిల్లా వారు 2004 డిసెంబరులో దీని తొలి ప్రతిని విడుదల చేశారు. విండోస్ కంప్యూటరులోనూ, లినక్స్ కంప్యూటరులోనూ పనిచేస్తుంది. రూపాయి అడగదు. కంప్యూటరు పాతదైనా ఫరవాలేదు.

పోస్టు తాత చెప్పిన లెక్క

పైన చెప్పిన యువకుడి చెల్లెలు వేరొక యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతోంది. అన్నయ్యకు జరిగింది చూసి, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన పాత ల్యాప్‌టాపులో థండర్‌బర్డ్ వేసుకుంది. పక్కన కూర్చున్నది తాతయ్య. ఆయన ఆ ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయినవారు. ఊళ్లో అందరూ పోస్టు తాత అంటారు. కంప్యూటరు ముట్టుకోరు గాని, మనవరాలికి వచ్చిన చిక్కు విప్పింది ఆయనే.

ప్రోగ్రాము ఒకచోట ఆగి 'ఐమ్యాపా, పాపా' అని అడిగింది. ఏది ఒప్పుకోవాలో అమ్మాయికి తోచలేదు.

"తాతయ్యా, ఒక పద్ధతిలో ఉత్తరాలు అక్కడే ఉంటాయట, మనకు నకలు వస్తుందట. రెండో పద్ధతిలో ఉత్తరమే ఇక్కడికి వచ్చేస్తుందట. ఏది మంచిది?"

"మన ఊళ్లో రెండు రకాలవాళ్లూ ఉండేవాళ్లమ్మా" అన్నారాయన. "కరణం గారు 'నా ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంచవయ్యా, వచ్చి చదువుకుని పోతాను' అనేవారు. షావుకారు మాత్రం వచ్చినవి వచ్చినట్టు ఇంటికి పట్టుకుపోయి తీగకు గుచ్చేవాడు. కరణం గారికి ఎక్కడినుంచి వచ్చినా ఉత్తరం దొరికేది. కాని పోస్టాఫీసు తగలబడితే మాత్రం ఆయనవే పోయేవి."

ఐమ్యాప్, పాప్ అన్న రెండు పద్ధతులకూ ఇంతకంటే తేలిక వివరణ ఇంజనీరింగు పుస్తకాల్లో దొరకదు. పాప్ పుట్టింది 1984లో. ఉత్తరాన్ని ఇంటికి తెస్తుంది. మామూలుగా అక్కడిది తీసివేస్తుంది, ఉంచమంటే ఉంచుతుంది. ఐమ్యాప్‌ను 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన రూపొందించారు. ఇది ఉత్తరాన్ని అక్కడే ఉంచి, ఇంట్లోనూ, ఫోనులోనూ, కాలేజీ ల్యాబులోనూ ఒకే పెట్టెను చూపిస్తుంది. మనం పంపే ఉత్తరం మోసే పద్ధతి వీటికి వేరు. దాని పేరు ఎస్ఎంటీపీ. అది 1982 నాటిది. నలభై ఏళ్లు దాటినా ప్రపంచంలోని మెయిలంతా నేటికీ దానిమీదే తిరుగుతోంది.

చదువుకుంటున్నన్నాళ్లూ ఐమ్యాప్ పెట్టుకోవడమే సుఖం. అమ్మాయి అదే పెట్టింది. అయితే దానితో పని అయిపోలేదు. ఆ సంగతి తర్వాత.

పెట్టడం కష్టమేమీ కాదు. థండర్‌బర్డ్ తెరవగానే పేరు, యూనివర్సిటీ చిరునామా అడుగుతుంది. ఇవ్వగానే ఆ యూనివర్సిటీ మెయిలు గూగుల్ దగ్గర ఉందా, మైక్రోసాఫ్ట్ దగ్గర ఉందా అని తానే వెతుకుతుంది. చాలాసార్లు దొరకబుచ్చుకుంటుంది. దొరకనప్పుడే చేత్తో రాయాలి. గూగుల్ అయితే తెచ్చే సర్వరు పేరు 'ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్', పంపే సర్వరు 'ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్'. మైక్రోసాఫ్ట్ అయితే తెచ్చేది 'అవుట్‌లుక్ డాట్ ఆఫీస్365 డాట్ కామ్', పంపేది 'ఎస్ఎంటీపీ డాట్ ఆఫీస్365 డాట్ కామ్'. తెచ్చే తలుపు నంబరు రెంటికీ 993. పంపే తలుపు నంబరు గూగుల్‌కు 465 గాని 587 గాని, మైక్రోసాఫ్ట్‌కు 587. ఈ నంబర్లను పోర్టు అంటారు. ఒక పెద్ద కార్యాలయంలో ఏ కిటికీ దగ్గర ఏ పని జరుగుతుందో ఆ కిటికీకే వెళ్లాలి కదా, ఇదీ అంతే. యూనివర్సిటీ సొంతంగా సర్వరు నడుపుకుంటుంటే మాత్రం పేర్లు వేరు. అవి అక్కడి కంప్యూటరు సెంటరువారే చెప్పాలి.

పాస్‌వర్డు సరైనదే, అయినా తలుపు తెరవదు

ఎక్కువమంది విసిగి వదిలేసేది ఈ మెట్టు దగ్గరే. చిరునామా సరైనదే, పాస్‌వర్డు సరైనదే. నాలుగుసార్లు కొట్టినా 'లాగిన్ కుదరలేదు' అనే వస్తుంది.

కారణం ఉంది. పూర్వం మెయిలు ప్రోగ్రాముకు పాస్‌వర్డు ఇస్తే అది దాచుకుని, ప్రతిసారీ సర్వరుకు చూపించేది. ఆ పాస్‌వర్డు దొంగల చేతిలో పడితే అకౌంటు మొత్తం వాళ్లదే. అందువల్ల మైక్రోసాఫ్ట్ వారు 2022 అక్టోబరు నుంచి ఐమ్యాప్, పాప్‌లకు ఈ పాత పద్ధతిని ఆపేస్తూ వచ్చారు. గూగుల్ వారు సొంత జీమెయిళ్లకు 2022 మేలోను, యూనివర్సిటీల వంటి సంస్థల అకౌంట్లకు 2025లోను ఆపేశారు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి పేరు ఓ-ఆథ్. ఇందులో ప్రోగ్రాము పాస్‌వర్డు అడగదు. గూగుల్‌దో, మైక్రోసాఫ్ట్‌దో సొంత పేజీ ఒకటి తెరుచుకుంటుంది. పాస్‌వర్డు అక్కడ కొట్టాలి. ఫోనుకు వచ్చే సంకేతం చూపాలి. అప్పుడు వారు ప్రోగ్రాముకు ఒక చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ ఉన్నన్నాళ్లూ ప్రోగ్రాము లోపలికి పోయి ఉత్తరాలు తెస్తుంది. పాస్‌వర్డు దాని చేతికి చిక్కదు. వద్దనుకున్నప్పుడు చీటీని రద్దు చేయవచ్చు. తిరునాళ్లలో చెప్పుల దగ్గర ఇచ్చే టోకెనులాంటిది.

కాబట్టి పాస్‌వర్డు పనిచేయకపోతే దాన్ని మార్చుకుంటూ కూర్చోనక్కరలేదు. థండర్‌బర్డ్‌లో ఆ అకౌంటు సెట్టింగుల్లోకి పోయి, 'అథెంటికేషన్ మెథడ్' అన్నచోట 'ఓ-ఆథ్ 2' ఎంచుకోవాలి. తెచ్చే సర్వరుకూ, పంపే సర్వరుకూ రెండుచోట్లా మార్చాలి. ఒకచోట మార్చి రెండోది మరచినవాళ్లకు ఉత్తరాలు వస్తాయి గాని పోవు.

అంతా సరిగా చేసినా 'అడ్మినిస్ట్రేటరు అనుమతి కావాలి' అని వస్తే అది విద్యార్థి చేతిలో లేదు. బయటి ప్రోగ్రాములను యూనివర్సిటీవారే ఆపారన్నమాట. వారికి ఒక మెయిలు రాసి అడగడమే. కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ససేమిరా అంటారు. ఇవ్వనిచోట గూగుల్ అకౌంటయితే 'టేకౌట్' అన్న దారి ఉంది. ఉత్తరాలన్నిటినీ ఒకే మూటగా కట్టి ఇస్తుంది. దాన్నీ మూసి ఉంచే అధికారం యూనివర్సిటీకి ఉంది గాని, అడగకుండానే ఊరుకోవడం మాత్రం తెలివితక్కువ.

అమ్మాయి పెట్టె పరిమాణం 5 గిగాబైట్ల పైచిలుకు. ఇంటికి వైరు నెట్టు లేదు. నాన్నగారి ఫోనుకు రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల రీచార్జి. సాయంత్రం పొలం నుంచి ఆయన వచ్చాక, ఫోను కిటికీలో పెట్టి హాట్‌స్పాటు తెరిస్తే ల్యాప్‌టాపు ఉత్తరాలు దించుకోవడం మొదలుపెట్టేది. అర్ధరాత్రికి ముందు ఒక కోటా, తర్వాత ఒక కోటా. నడుమ ఒక రాత్రి కరెంటు పోయింది. అయినా మళ్లీ మొదటినుంచి రాలేదు. ఆగినచోటు నుంచే అందుకుంది. ఫైబరు నెట్టు ఉన్నవారికి కూడా ఇది ఒక్క గంటలో తేలే పని కాదు. గూగుల్ వారు ఐమ్యాప్ ద్వారా రోజుకు 2500 మెగాబైట్ల వరకే దించుకోనిస్తారు. పెట్టె మూసే రోజున మొదలుపెడితే లాభం లేదని వేరే చెప్పాలా?

ఒక్కసారి దిగిన తర్వాత మాత్రం హాయి. సిగ్నలు లేకున్నా పాత ఉత్తరాలన్నీ తెరుచుకుంటాయి. మేడమీదికి ఎక్కి ఫోను ఎత్తి పట్టుకోనవసరం లేదు. 2020లో కరోనా వచ్చి కాలేజీలు మూసినప్పుడు, సిగ్నలు కోసం చెట్లెక్కిన పిల్లల సంగతి పల్లెల్లో ఎవరూ మరచిపోలేదు. నెట్టు లేనప్పుడు జవాబు రాసి పంపినా అది 'అవుట్‌బాక్సు'లో ఆగి, నెట్టు అందాక పోతుంది. ఒక్క జాగ్రత్త. అవుట్‌బాక్సులో ఉన్నదంటే ఇంకా పోలేదని అర్థం. పరీక్ష ఫీజు గడువులాంటివి ఉన్నప్పుడు 'పంపాను కదా' అని ల్యాప్‌టాపు మూసేసి నిద్రపోతే గడువు దాటుతుంది.

నకలు నిలిచేది ఎక్కడ?

ఇప్పుడు, ఇందాక తర్వాత చెబుతామన్న సంగతి. ఐమ్యాప్ అద్దంలాంటిది. అక్కడ ఏముంటే ఇక్కడ అది కనబడుతుంది. అక్కడ తీసేస్తే ఇక్కడా మాయమవుతుంది. యూనివర్సిటీవారు అకౌంటునే మూసేస్తే థండర్‌బర్డ్ లోపలికి పోలేక ఆగిపోతుంది. అప్పటికి దిగిన నకలు వెంటనే పోదు. కాని మూయడానికి ముందు పెట్టె ఖాళీ చేశారనుకోండి. ఆ మధ్యలో ల్యాప్‌టాపు ఒక్కసారి నెట్టుకు తగిలితే చాలు, ఇంట్లో నకలు కూడా ఊడ్చుకుపోతుంది. నెలరోజులు కష్టపడి దించుకున్నవారికి కూడా ఈ దెబ్బ తగలవచ్చు.

అందుకే థండర్‌బర్డ్‌లో ఎడమవైపు వరసలో అడుగున 'లోకల్ ఫోల్డర్స్' అని ఒకటి ఉంటుంది. అది పూర్తిగా మన ల్యాప్‌టాపు సొత్తు. సర్వరుకు దానిమీద పెత్తనం లేదు. అందులో ఒక కొత్త ఫోల్డరు చేసి, యూనివర్సిటీ పెట్టెలోని ఉత్తరాలన్నిటినీ ఎంచుకుని, మౌసు కుడి మీట నొక్కి 'కాపీ' చేయాలి. 'మూవ్' కాదు, 'కాపీ'. షావుకారు తీగకు గుచ్చిన ఉత్తరాలంటే ఇవే. గూగుల్ పెట్టెల్లో 'ఆల్ మెయిల్' అన్న ఫోల్డరు ఒకటి ఉంటుంది. వచ్చినవి, పంపినవి అన్నీ అందులో ఉంటాయి కాబట్టి అది ఒక్కటి కాపీ చేస్తే చాలు. ఇన్‌బాక్సును కూడా చేస్తే ఒక్కొక్క ఉత్తరం రెండుసార్లు పడి చోటు దండగ. కాపీ అయ్యాక నెట్టు తీసివేసి, మొదటి సంవత్సరం నాటి ఉత్తరం ఒకటి, జత చేసిన కాగితంతో సహా తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. పోస్టు తాత మనవరాలి చేత పది ఉత్తరాలు తెరిపించి చూశారు. రిజిస్టరు ఉత్తరాలు లెక్కపెట్టిన అలవాటు మరి.

ఉత్తరాలు తెచ్చుకోవడంతో సగమే తీరింది. ఆ చిరునామాతో తెరిచిన ఖాతాలు చాలా ఉంటాయి. ఎన్‌పీటెల్ కోర్సులు, లింక్డిన్, ఉద్యోగాల వెబ్‌సైట్లు, ఎప్పుడో పెట్టుకున్న ఇంకేవో. వాటి పాస్‌వర్డు మరచిపోతే కొత్తది వచ్చేది ఆ మూసిన పెట్టెలోకే. చదువు చివరి సంవత్సరంలోనే వాటన్నిటిలో చిరునామాను సొంత జీమెయిలుకు మార్చుకోవాలి. అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. చదువు ముగిసి ఓపీటీ మీద పనిచేసేవారికి 2018 నుంచి అక్కడి ప్రభుత్వ ఎస్‌ఈవీపీ పోర్టల్ ఉంది. ఉద్యోగం వివరాలు అందులో నమోదు చేయాలి. ఆ ఖాతా తెరవడానికి లింకు వచ్చేది యూనివర్సిటీవారు ప్రభుత్వ రికార్డుల్లో రాసిన మెయిలుకే. అది మూసుకుపోయే కాలేజీ మెయిలయితే లింకు ఎటూ చేరదు. ఉద్యోగం లేకుండా ఉండగల రోజులు మొత్తం 90. నమోదు కాని ఉద్యోగం వారి లెక్కలో ఉద్యోగం కాదు. రోజులు గడిచిపోతూనే ఉంటాయి. ఇక్కడ తల్లిదండ్రులకు ఇదంతా తెలియకపోయినా, ఫోనులో మాట్లాడినప్పుడు 'నీ సొంత మెయిలు రాయించావా బాబూ' అని ఒక్క మాట అడిగితే నష్టం లేదు.

మరో మాట. మండల కేంద్రాల్లో నెట్ సెంటర్లవాళ్లు దరఖాస్తులు నింపుతూ పిల్లల పాస్‌వర్డులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. సహాయం కోసమే రాస్తున్నారనుకున్నా, ఆ పుస్తకం బల్లమీద తెరిచే ఉంటుంది. థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రామును అలాంటి చోట, స్నేహితుల కంప్యూటర్లలో పెట్టరాదు. పెడితే నాలుగేళ్ల ఉత్తరాల నకలంతా వాళ్ల దగ్గర కూర్చుంటుంది. అలాగే 'మీ యూనివర్సిటీ మెయిలు నిండిపోయింది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డు ఇవ్వండి' అని వచ్చే ఉత్తరాలు దొంగ ఉత్తరాలు. నిజమైన కంప్యూటరు సెంటరువారు మెయిల్లో పాస్‌వర్డు అడగరు.

ల్యాప్‌టాపు చెడిపోతే ఏం చేయాలన్న ప్రశ్న పోస్టు తాతకే వచ్చింది. దానికీ దారి ఉంది. థండర్‌బర్డ్ దాచుకునేదంతా 'ప్రొఫైల్' అన్న ఒకే ఫోల్డరులో ఉంటుంది. సహాయం మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్‌ఫర్మేషన్' తెరిస్తే అది ఎక్కడ ఉందో చూపిస్తుంది. ప్రోగ్రామును పూర్తిగా మూసి, ఆ ఫోల్డరును అలాగే ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. ప్రొఫైల్లో ఆ చీటీలు కూడా ఉంటాయి కాబట్టి పెన్‌డ్రైవు అరువు ఇవ్వకూడదు. ప్రొఫైల్లో ఐమ్యాప్ నకలు, లోకల్ ఫోల్డర్స్‌లో చేసిన కాపీ రెండూ ఉండేసరికి అమ్మాయికి 16 గిగాబైట్ల పెన్‌డ్రైవు నిండుకు వచ్చింది. అది ఇప్పుడు వాళ్లింట్లో పట్టాదారు పాసుపుస్తకాలు దాచే ట్రంకుపెట్టెలో, ప్లాస్టిక్ కవరులో ఉంది. నాలుగో సంవత్సరం ముగిసేలోగా మరోసారి కాపీ చేయాలని కవరు మీద ఆమే రాసి పెట్టింది.